మడత మార్చని చీర

మధ్యాహ్నం పన్నెండు దాటినా వీరాయమ్మ సుత్తి దించలేదు. పీచు తియ్యడానికి నానిన కొబ్బరి డొక్కని రాతి మీద పెట్టి చెక్కసుత్తితో కొడుతుంటే కుళ్ళు నీళ్ళు మొహం మీదికి చిమ్ముతున్నాయి. సావిడి పైన రేకుల కప్పు, బయట మే నెల ఎండ. మిగతా ఆడవాళ్ళు అన్నాల గిన్నెలు తెరిచారు. నవంబరులో వచ్చిన తుపాను తోటల్ని పడగొట్టిన దగ్గర్నుంచి డొక్కలు సరిగ్గా రావడం లేదు. ముప్పై రూపాయల కూలి ఇరవై రెండుకి దిగింది. ఆ ఇరవై రెండు కోసమైతే ఆమె ఈ రోజు పనికి రానక్కర్లేదు.

"ఏమే ఈరాయమ్మా, అక్కడ నీ కూతురికి నలుగు పెడతా ఉంటే, నువ్విక్కడ డొక్కలికి నలుగు పెడతన్నావా?" అంది భూలక్ష్మి, పక్క రాతి దగ్గర కూర్చునే మనిషి.

కొందరు నవ్వేరు. వీరాయమ్మ కూడా కొంచెం నవ్వింది.

"అక్కడుండి ఏం చెయ్యను? గుమ్మంలో నేనుంటే పసుపు గిన్నె ముట్టుకోడానికి ఎనకాడతన్నారు."

"ఎవరే అంత మాటన్నది?"

"ఎవరూ ఏమీ అన్లేదు. అందరూ పక్కకి జరిగేరు, అంతే."

భూలక్ష్మి ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకుంది. తర్వాత ఒక ముద్ద కలిపి వీరాయమ్మ అరచేతిలో పెట్టింది.

వీరాయమ్మ మొగుడు వెంకన్న తుపానులో పోయాడు. మనిషి పోయిన ఏడాదిలోపు ఆడపిల్ల పెళ్ళి చేస్తే ఆ పుణ్యం అతనికి చేరుతుందని పెద్దలన్నారు. ఏడాది దాటితే మూడేళ్ళు ఆగాలన్నారు. మంచి సంబంధం రావడంతో రేవతి పెళ్ళి రేపటికి కుదిరింది. కన్యాదానం వెంకన్న చెల్లెలు కనకమ్మ, ఆమె మొగుడు అప్పలస్వామి చేస్తారు. తల్లి పెరట్లో ఉంటుంది. ఇది ఎవరూ కూర్చుని తీర్మానించింది కాదు. ఒకరు అన్నదీ లేదు, ఒకరు కాదన్నదీ లేదు.

వాకిట్లో ఎవరో "ఒదినా" అని పిలిచారు.

కనకమ్మ. చేతులకింకా నలుగు పిండి ఉంది. తల్లో కనకాంబరాలు ఎండకి వాడిపోయాయి. చంకలో ఒక ప్లాస్టిక్ సంచి ఇరికించుకుని ఉంది. ఆమె అత్తింటి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో వదిన దగ్గరికి తనంతట తను రావడం ఇదే మొదలు.

"ఇటు రా ఒదినా. ఎవరూ చూడకుండా రా."

సావిడి వెనక డొక్కల గుట్ట నీడలో ఇద్దరూ కూర్చున్నాక కనకమ్మ సంచి విప్పింది. తెరవగానే తడిసి మగ్గిన వాసన కొట్టింది. ఆ వాసన తగలగానే వీరాయమ్మకి సంగతి అర్థమైంది. ఆమె చెయ్యి ముందుకు చాపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"చూడు," అంది కనకమ్మ. "ముట్టుకో, పర్లేదు."

కెంపురంగు పట్టుచీర, అరచేతి వెడల్పు జరీ అంచు. వెంకన్న నాయనమ్మ పెళ్ళికి బండార్లంకలో నేయించారని చెబుతారు. నాయనమ్మ కట్టింది, అత్తగారు కట్టింది, వీరాయమ్మ కట్టింది, కనకమ్మ కూడా కట్టింది. ఆ ఇంట పుట్టిన పిల్లయినా, ఆ ఇంటికి వచ్చిన పిల్లయినా తలంబ్రాల వేళకి ఆ చీరే. అది ఇప్పుడు మడతల వెంట చీలిపోయి ఉంది. ఆరు చోట్ల. కత్తితో కోసినట్టు తిన్నగా చీలింది. చీలిక చుట్టూ పసుపు చారలు గట్టిపడి ఉన్నాయి.

"పసుపునీళ్ళలో ముంచేవా?"

కనకమ్మ వేళ్ళకంటిన పిండి నలుపుకుంది.

"కనకమ్మా, అడిగేను."

"అన్నయ్య పదకొండో రోజున. నీ దగ్గర్నుంచి పెట్టె తాళంచెవి తీసుకెళ్ళేను చూడు, అప్పుడు. చావు తగిలిన చేతుల్లోంచి ఒచ్చింది కదాని, మైల పోవాలని ముంచేను. నీడన ఆరేసేను. ఆరిందనుకుని సంచిలో చుట్టి దేవుడి అరలో పెట్టేను. రోజూ దండం పెట్టుకున్నాను ఒదినా. నిజంగా."

"మడత మార్చేవా మధ్యలో?"

"దేవుడి దగ్గర పెట్టినదాన్ని ఎలా కదుపుతాను?"

వీరాయమ్మ చేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్ళు ఆ చీరని ఆమే చూసుకుంది. ప్రతి ఏడూ దసరా వెళ్ళాక, వానలు తగ్గిన రోజు చూసుకుని, గదిలో దండెం మీద గాలికి వేసేది. ఉతికిన పాత పంచెలో వేపాకు వేసి చుట్టేది. మడత ప్రతిసారీ కొత్త చోట వెయ్యాలి. పట్టు ఒక్క చోటే విరిగితే అక్కడ సచ్చిపోద్దే అమ్మా అని అత్తగారు చెప్పింది. ఆ సంగతి వీరాయమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. తాళంచెవి అడిగారు గానీ, చీరని ఎలా చూసుకుంటావని అడగలేదు.

"అమలాపురంలో రఫూ కుట్టేవాడున్నాడంట, వారం పడద్దన్నాడంట. రేపు తొమ్మిదీ నలభైకి ముహూర్తం," అంది కనకమ్మ. "నువ్వే కుట్టాలి. మా అమ్మ నీకే నేర్పింది. నాకు నేర్పలేదు."

"ముట్టుకోకూడదన్నావు కదా అప్పుడు."

"దెప్పకొదినా. నా పెళ్ళికీ అదే కట్టేను. నాకు మాత్రం ఉండదా?" కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా పెళ్ళికొడుకు నాయనమ్మకి తెలీకూడదు. ఆవిడ పట్టింపు మనిషి."

వీరాయమ్మ లేచి సావిడి యజమాని దగ్గరికెళ్ళి, "సత్తిరాజుగారూ, ఇంటికాడ పని పడిందండి," అంది.

"ఆయ్, ఎల్లిరా తల్లీ. కూతురి పెళ్ళి కదా. మధ్యాహ్నం కూలి మాత్రం లేదు మరి," అన్నాడాయన. దయగానే అన్నాడు.

ఇంటి నిండా చుట్టాలు. అందుకని భూలక్ష్మి ఇంటి అరుగు మీద కూర్చుంది. చీర లోపలి చెరగు నుంచి ఒక్కొక్క పోగే లాగి, సన్నసూదికి ఎక్కించి, చీలికకి అటూ ఇటూ నేత నేసినట్టు కుట్టడం మొదలుపెట్టింది. బయటి దారం వేస్తే రంగు కలవదు. పీచు పనికి గరుకెక్కిన వేళ్ళు పట్టుకి తగులుకుంటున్నాయి. రెండుసార్లు లేచి వేళ్ళకి కొబ్బరినూనె రాసి, తుడుచుకుని వచ్చింది.

తుపాను నాటి సాయంత్రం మోకాళ్ళ లోతు నీరు వచ్చేసరికి పెట్టెలోంచి ఆమె తీసింది ఈ మూట ఒక్కటే. నెత్తిన పెట్టి కట్టుకుంది. వెంకన్న నవ్వేడు. "అది తడవనియ్యకే. పిల్ల పెళ్ళికి కావాలి. దూడని ఇప్పేసి ఒస్తాను," అని వెళ్ళేడు. మూడో రోజున పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య దొరికేడు. చీరని దాచుకుంది గానీ మొగుణ్ణి దాచుకోలేకపోయింది అని పేటలో ఎవరో అన్నారు. అన్నవాళ్ళెవరో తెలియదు. మాట మాత్రం ఆమె దాకా వచ్చింది. దానికి ఏం జవాబు చెప్పాలో ఆరు నెలలుగా వెతుకుతోంది.

నాలుగు గంటల వేళ మొహం నిండా పసుపుతో రేవతి వచ్చి అరుగు ఎక్కింది. పెళ్ళికూతుర్ని చేశాక గడప దాటకూడదు.

"ఎవరన్నా చూస్తే తంతారే," అంది వీరాయమ్మ.

"దొడ్డికెళ్తానని చెప్పేను." రేవతి చీరని చూసింది, చీలికల్ని చూసింది. అమ్మ మణికట్ల వైపు చూసి కళ్ళు తిప్పుకుంది. అక్కడ గాజుల గుర్తులు ఇంకా తెల్లగా ఉన్నాయి. "రేపు నువ్వు కడతావా నాకు?"

"మీ అత్త కడద్ది."

"అత్తకి కుచ్చెళ్ళు రావమ్మా. బస్తా కట్టినట్టు కడద్ది."

"ముసలమ్మలా మాట్లాడకు. వస్తాయిలే."

రేవతి చీలిక దాకా వేలు తెచ్చి, తగలకుండా ఆపింది. "ఇంత కష్టం ఎందుకమ్మా? వాళ్ళు తెచ్చిన కొత్తచీర ఉంది. అది కట్టుకుంటాలే."

వీరాయమ్మ సూది ఆగింది. నీ ఇష్టమే అని అనాలనుకుంది. పిల్లకి ఇష్టమైనదే కట్టాలి, అది న్యాయం.

"పందిట్లోకి నేను రాను కదే," అంది చివరికి. "ఇదన్నా వస్తది."

రేవతి అమ్మ మోకాలి మీద తల ఆనించబోయింది. నలుగు పసుపు చీరకి అంటుతుందని వీరాయమ్మే పక్కకి తోసింది. పిల్ల లేచి దొడ్డిదారినే వెళ్ళిపోయింది. అరుగు మీద పసుపు పాదం ఒకటి మిగిలింది.

చీకటిపడే వేళకి అయిదు చీలికలు పూర్తయ్యాయి. ఆరోది పైట మీద, భుజం దగ్గర. అందరికీ కనపడే చోటు. దాన్ని తెల్లారాక, వెలుగు వచ్చాక కుట్టింది.

ఎనిమిదిన్నరకి చీరని ఉతికిన పంచెలో చుట్టి పెరటిదారిన వెనకగదిలోకి వచ్చింది. రేవతి లోపావడా, జాకెట్టుతో పీట మీద నిలబడి ఉంది. ముందుగదిలో పెళ్ళికొడుకు నాయనమ్మ గొంతు వినపడుతోంది. వీరాయమ్మ మంచం మీద కూర్చుని, చీరని ఒళ్ళో పరిచి, మడత మీద మడత విప్పింది.

కనకమ్మ వంగి చూసింది. పైట మీద కుట్టు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"అబ్బ, ఒదినా! నీ చెయ్యి!" అంది. అన్నాక గుర్తొచ్చినట్టు ఆగింది. గూట్లోంచి ఇత్తడి చెంబు తీసింది. అందులో పసుపునీళ్ళు, మామిడాకుల మండ.

"అదెందుకు?"

"నాలుగు చుక్కలే. ముంచను. పైపైన చల్లి కట్టేస్తాను."

"కనకమ్మా, పాతపోగు అది. తడిస్తే సాగద్ది. పందిట్లో కూర్చుని లేచేసరికి మళ్ళీ చీలతాది."

"చల్లకుండా ఎలా కట్టను చెప్పు?" కనకమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ అడిగింది. చీర ఎవరి చేతిలో ఉందమ్మా అని అడిగింది. నా చేతిలోనే ఉందండి, శుద్ధి చేసే కడతానండి అని ఒట్టేసేను. నిన్నట్నుంచీ నువ్వు పట్టుకున్న చీర. రేపు పిల్లకి ఏదన్నా అయితే?"

"ఏమవుద్ది?"

"నాకేం తెలుసు? ఏదన్నా అయితే నన్నెవరూ అనరు ఒదినా. నిన్నంటారు. ఇప్పటికే ఒక మాట ఉంది నీ మీద."

వీరాయమ్మకి ఆ మాట ఏదో తెలుసు. అది కనకమ్మ నోట వినడం ఇదే మొదటిసారి. కనకమ్మ కోపంగా అనలేదు. ఆమె కళ్ళల్లో భయమే ఉంది. కోపమైతే తిరిగి ఒక మాట అనొచ్చు.

బయట సన్నాయి అందుకుంది. అప్పలస్వామి తలుపు మీద కొట్టేడు. "ఏమే, అయ్యిందా? పంతులుగారు పిల్లని తెమ్మంటన్నారు."

"అయిపోయింది, ఆయ్!" అంది కనకమ్మ. మండ నీళ్ళలో ముంచి పైకి తీసింది.

వీరాయమ్మ రెండు చేతులూ చీర మీద పెట్టింది. పైట కుట్టు మీద, వేళ్ళు విప్పి, అరచేతులు బోర్లించి. ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో కూడా తెలియదు.

"చెయ్యి తియ్యొదినా."

తియ్యలేదు.

"అమ్మా," అంది రేవతి. తియ్యమనో, తియ్యొద్దనో ఆ పిలుపులో తెలియలేదు. పీట దిగి ఒక అడుగు వేసి ఆగింది.

"టైమవుతోంది ఒదినా, నీకు దండం పెడతాను, చెయ్యి తియ్యి," కనకమ్మ ఏడుస్తోంది. పట్టుకున్న మండ చీర మీదికి వంగింది. ఆకు కొసన ఒక చుక్క లావెక్కి, వీరాయమ్మ గాజుల్లేని మణికట్టు మీద పడింది. పడి, పీచు కోసిన గీతల మధ్య నుంచి దారి చేసుకుంటూ వేళ్ళ కింది కుట్టు వైపు మెల్లగా జారుతోంది. తలుపు మళ్ళీ మోగింది. ముగ్గురూ ఆ చుక్కనే చూస్తున్నారు.