తొలి బంతికి పిలిచిన మనిషి

జనార్దనరావు పోయింది ఒక శనివారం ఉదయం, పాయా లేబర్ మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఆయన ఎక్కలేదు. గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో. ఆ పొద్దున యీషున్‌లో ఇంటి గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటూ ఆయన భార్యతో అన్న ఆఖరి మాట ఇది: "లలితా, ఈసారి మనిషి దొరికినట్టే. ఒప్పుకుంటే సాయంత్రం చెప్తాను."

మనిషంటే తొలి బంతి వేసే మనిషి. ఆయన నడిపిన పిల్లల బేస్‌బాల్ క్లబ్బులో ఏటా మొదటి ఆటకు ముందు, చుట్టుపక్కల ఒకరిని పిలిచి ఒక బంతి వేయించడం ఆనవాయితీ. వేరే క్లబ్బులు పెద్దవాళ్లని పిలిచేవి. ఈయన మాత్రం ఒక ఏడు లిఫ్టు బాగుచేసే అతన్ని పిలిచారు, ఇంకో ఏడు తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో బల్లలు తుడిచే అవ్వని. పెద్దమనుషులకి దండలు వేసే చోట్లు వేరే ఉన్నాయిగా అనేవారు.

లలితకుమారి బళ్లో లెక్కలు చెబుతుంది. ఇంటికి వచ్చినవాళ్లతో తక్కువ మాట్లాడింది, ఎవరి ముందూ ఏడవలేదు. పన్నెండో రోజు గడిచాక, నిరుడు తొలి బంతి వేసిన కృష్ణయ్య అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. తాతల కాలం నుంచీ ఇక్కడే.

"నన్ను చూసి జనం నవ్వింది గుర్తుందా టీచరమ్మా? నాకు తెలిసింది క్రికెట్టు. పరుగెత్తుకొచ్చి చెయ్యి తిప్పి వేశాను. నేల మీద పడి లేచింది."

"గుర్తుంది కృష్ణయ్యగారూ."

"బ్యాటు పట్టుకున్న పిల్ల మర్యాదకి గాల్లో ఊపాలంట. అయ్యో పాపం, ఎక్కడ ఊపాలో తెలీక నాకు దండం పెట్టేసింది!" నవ్వి, గొంతు తగ్గించాడు. "సార్ ఒక్క మాటా అనలా. అడిగిన రోజే బంతి నా చేతిలో పెట్టి పోయాడమ్మా. మీ దగ్గరే ఉంచుకోండి, కాపీ తాగేటప్పుడు కూడా పట్టుకోండి, ఆట రోజు తెండి అన్నాడు. అందరికీ అట్లనే."

అతను వెళ్లాక ఆసుపత్రి వాళ్లిచ్చిన సంచిని ఆమె మొదటిసారి తెరిచింది. గ్లవ్ ఉంది, నీళ్ల సీసా ఉంది. ఆ పొద్దున వెంట తీసుకెళ్లిన బంతి లేదు.

అంటే ఆ మనిషి ఒప్పుకున్నారు. బంతి పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తూ ఉన్నారు.

ఆయన రైలు కార్డు వివరాలు ఫోనులో చూసింది. తొమ్మిదింటికి పాయా లేబర్‌లో దిగారు. పదిన్నర దాటాక మళ్లీ లోపలికి వచ్చారు. ఆ గంటన్నర ఎక్కడ గడిపారో కార్డు చెప్పదు. ఆ తరువాతి శనివారాలు ఆమె అక్కడ తిరిగింది. మార్కెట్లో కూరలమ్మేవాళ్లని, చెప్పులు కుట్టేవాళ్లని, ఆఫీసు భవనాల కాపలాదారులని అడిగింది. నీలం టోపీ, పొడుగు మనిషి, చేతిలో తెల్ల బంతి. టీ కొట్టతను చూసినట్టే ఉందన్నాడు. ఎవరితో అన్నది గుర్తులేదన్నాడు. అతని కొట్టు గోడకి ఒక కాగితం అంటించింది. ఆట తేదీ, మైదానం పేరు, ఆ కింద రెండు వాక్యాలు: 'ఆయన రాలేరు. మీరు తప్పక రండి.' మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేసి రాసింది. అంతకంటే నిజమైన మాట చేతికి రాలేదు.

ఆటకి వారం ముందు క్లబ్బు సెక్రటరీ పృథ్వీ వచ్చాడు. "ఆంటీ, కమిటీ అంతా మీ పేరే అంటున్నారు. మీరు వేస్తేనే అంకుల్‌కి గౌరవం."

"ఆయన ఒకరిని పిలిచారు బాబూ. నేను వెళ్లి నిలబడితే, వచ్చిన మనిషికి చోటేదీ?"

"రాకపోతే?"



ఆట రోజు ఎండ బాగా కాసింది. పిల్లలు వరస కట్టారు. బంతి వేసే దిబ్బ ఖాళీగా ఉంది. గేటు తెరుచుకున్న ప్రతిసారీ లలితకుమారి ఆ వచ్చినవాళ్ల చేతుల వైపు చూసింది. గొడుగులు, తినుబండారాల పొట్లాలు, ఫోన్లు.

నిరుడు కృష్ణయ్యకి దండం పెట్టిన కీర్తిక కొత్త బంతి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మీరే వేసెయ్యండి ఆంటీ, ఎవ్వరూ ఏమనరు. నేను బాగా ఊపుతా, ప్రామిస్."

బంతి నున్నగా, చల్లగా ఉంది. కాసేపు పట్టుకుని, ఆ పిల్లకే తిరిగి ఇచ్చింది.

"పావుగంట ఆగాం ఆంటీ," అన్నాడు పృథ్వీ మెల్లగా.

"ఇక మొదలుపెట్టండి."

ఆ ఏడు తొలి బంతి లేకుండానే ఆట మొదలైంది. ఆమె చివరిదాకా గేటు పక్కనే కూర్చుంది.

ఆయన ఎవరిని పిలిచారో ఇప్పటికీ తెలియలేదు. ఆయన పోయారని ఆ మనిషికి ఇంకా ఎవరూ చెప్పలేదు.