పటంలో పక్కకు జరిగిన బావి

గుట్టలు నడవవు. ఆ సంగతి అమూల్యకు తెలియక కాదు. అయినా ఆదివారం పొద్దున మల్లాపూర్ వర్క్‌షాపుల మధ్య నిలబడి ఫోన్ చూస్తే గుట్ట రోడ్డుకు ఇవతల ఉంది. తలెత్తి చూస్తే అవతల ఉంది.

సెలవు దొరికితే చాలు, ఆమెకు ఇదే పిచ్చి. నాచారం, మల్లాపూర్ పొలాలుగా ఉన్నప్పటి సర్వే పటాన్ని ఫోన్ మ్యాపు మీద పరిచి, పాత బండ్లబాటలూ బావులూ ఎక్కడున్నాయో వెతకడం. నీలి చుక్క కనిపిస్తే అక్కడ బావి ఉండేదన్నమాట. కాలనీలో ఎవరు పునాది తీసినా ఆమెను అడగనిదే పలుగు పట్టరు. అందుకామెకు కాస్త గర్వం కూడా.

ఆ గర్వం ఇప్పుడు భయంగా మారింది. పాత సర్వే కొలతల లెక్క వేరు, ఫోన్ లెక్క వేరు. ఒకదాని మీద ఒకటి పరిచేముందు సవరించాలి. తాను పనిచేసే మ్యాపుల ఆఫీసులో రోజూ చేసే ఆ సవరణ ఇంట్లో మరిచింది. అంటే గుట్ట ఒక్కటే కాదు, పటంలో ప్రతి చుక్కా ఒక వీధి పక్కకు జరిగింది. పక్కవీధిలో ఉందని తాను చెప్పిన బావి నిజానికి కాలనీలోని నరసింహమూర్తి గారి పెరట్లో ఉంది. అక్కడే కూలి మొగిలయ్య నిన్నటి నుంచి నీళ్ల సంపు తవ్వుతున్నాడు.

నరసింహమూర్తికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇక స్కూటీ ఎలా నడిపిందో దేవుడికే తెలియాలి.

పెరట్లో పెద్ద మట్టికుప్ప. గుంతలో మొగిలయ్య తల మాత్రం కనిపిస్తోంది. కుప్ప మీద కొత్తగా పడిన మట్టి నల్లగా, పెంకు ముక్కలతో ఉంది. ఎవరో ఎప్పుడో తెచ్చి పూడ్చిన మట్టి.

"మొగిలయ్యా, పైకి రా! నీ కింద పాత బావి ఉంది!"

అతను నవ్వాడు. "ఏందమ్మా, మజాకా? ఈడ బావి లేదని నువ్వే జెప్తివి గద. మట్టి గూడ మస్తు మెత్తగొస్తుంది. జరంత ఉన్నది, అయిపోతది."

"కంగారు పడకండి," అన్నాడు పెరటి గుమ్మంలోంచి వచ్చిన నరసింహమూర్తి. "మీరు చూసి చెప్పాక ఇంకేం అనుమానం?"

అమూల్యకు తల కొట్టేసినట్టయింది. సిగ్గును దిగమింగి అరిచింది. "నేను తప్పు చెప్పాను! లెక్క చూసుకోలేదు. నా మాట నమ్మకు, పైకి రా!"

ఆ అరుపుకు జడిసి అతను నిచ్చెన ఎక్కాడు. ఆమె చెయ్యి పట్టి గట్టు మీదికి లాగిందో లేదో, గుంత అడుగు పారతో, నిచ్చెనతో సహా లోపలికి దిగిపోయింది. పెద్దగా చప్పుడు కూడా రాలేదు.

"మీ పటం ప్రాణం కాపాడిందండీ," అన్నాడు నరసింహమూర్తి, గోడకు ఆనుకుని.

మొగిలయ్య గుంత వంక చూశాడు. తర్వాత నేల మీద కూలబడి ఆమె వంక తిరిగాడు.

"అమ్మా, గిట్ల ఇంకెవలెవలికి జెప్పినవ్?"

అమూల్య ఫోన్ తీసింది. ఎవరితో మొదలుపెట్టాలో తోచలేదు.