మంచు కరిగేదాకా సంతకం లేదు

అమెరికాలో ఉత్తర డకోటాలోని ఆ పల్లెల్లో గోధుమ చేలోంచి వచ్చినవాళ్లు బూట్లు వాకిట్లోనే విప్పుతారు. దానికి కారణం బురద ఒక్కటే కాదు. భూమి కింది చమురులో వాటా ఉన్నవాళ్లు ఆ చేలో అడుగు పెడితే, అడుగు పడిన గుంటలో నల్లగా చమురు ఊరుతుంది. వాటా ఎంతో లోతు అంత. చమురు కంపెనీవాళ్ల సంచీలో అది కొలిచే పుల్ల ఉంటుంది, నూటికి ఒకటికి ఒక గీత చొప్పున, ఫారంలో దానికో గడి కూడా ఉంటుంది. చలికాలం నేల రాయిలా గడ్డకట్టినప్పుడు మాత్రం ఎవరి అడుగూ దిగదు.

సిగ్నె భర్త ఆర్నె జనవరిలో పోయాడు. పిల్లలు లేరు. ఫిబ్రవరిలో కంపెనీ ఏజెంటు డెల్బర్ట్, వాటా ఇంత అని ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకొచ్చాడు. వెనకే ఆర్నె అన్న క్నూట్ వచ్చాడు. ఆర్నె వాటా నూటికి నాలుగు ఉండేది. కాగితంలో సిగ్నె పేరున ఉన్నది నూటికి ఒకటి.

పక్కింటి బోర్గిల్డ్ ఆ ఊరి బడిలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పింది. కాగితం చూసి, పళ్లెంలో ఉన్న బంగాళాదుంప రొట్టె పక్కన ఇంకో రొట్టె పెట్టింది.

"ఇటు చూడు సిగ్నె. ఇదివరకు చమురు బావి ఒక చదరపు మైలు కింద తాగేది. ఇప్పుడు రెండింటి కింద తాగుతోంది. రొట్టెలు రెండయ్యాయి, పంచుకునేవాళ్లూ పెరిగారు. నీ ముక్క అంతే ఉంది, మొత్తంలో దాని వంతు సగమైంది. నాలుగు రెండు కావడంలో మోసం లేదు."

"మరి రెండు ఒకటెలా అయింది టీచరమ్మా?"

డెల్బర్ట్ క్నూట్ వైపు చూశాడు.

"ఆర్నె వాటా మా అన్నదమ్ములిద్దరిదీ అని నాన్న నోటిమాటగా చెప్పాడు" అన్నాడు క్నూట్. "ప్రమాణపత్రం కూడా ఇచ్చాను."

"నీ భాగం నీకు వేరే ఇచ్చాడు కదరా. ధర పడిపోయిన ఏడు అమ్ముకున్నావు" అంది బోర్గిల్డ్. "భిన్నాలు నీకు అయిదో తరగతిలోనూ ఎక్కలేదు."

"సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?" సిగ్నె డెల్బర్ట్‌ని అడిగింది.

"తేలేదాకా చమురు డబ్బు చెక్కులు ఆగిపోతాయమ్మా. పెడితే ఒప్పుకున్నట్టే."

"అయితే ఆపుకోండి. నేల మెత్తబడ్డాక వచ్చి, కొలిచి రాయండి."

"ఏప్రిల్ దాకా ఏం తింటావు?" అన్నాడు క్నూట్.

"నేలమాళిగలో దుంపలున్నాయి బావగారూ. కాఫీ కూడా ఉంది. మీకు మాత్రం రెండో కప్పు లేదు."

ఆ ఊళ్లో ఇంటికొచ్చినవాడికి రెండో కప్పు పొయ్యకపోవడం చెంపదెబ్బతో సమానం. క్నూట్ టోపీ తీసుకుని లేచాడు.

సిగ్నె మూడు గదులకి వేడి ఆపేసి వంటింట్లోనే పడుకుంది. గ్యాసు కోసం ఆర్నె వేటతుపాకీ అమ్మింది. మార్చిలో క్నూట్ మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పోనీ, ఒకటిన్నర చేద్దాం. ఇంట్లోవాళ్లమేగా."

"ఇంట్లోవాళ్లయితే అర కూడా తీసుకోరు" అని తలుపు వేసుకుంది.

ఏప్రిల్ రెండోవారం నేల వదులైంది. చేను గట్టు దగ్గర డెల్బర్ట్ పుల్ల తీశాడు. తొడుక్కొచ్చిన ఆర్నె బూట్ల మహిమ అని ఎవరూ అనకుండా, సిగ్నె వాటితోపాటు మేజోళ్లు కూడా విప్పి మంచునీళ్ల బురదలోకి దిగింది. కాలు తీయగానే గుంట నల్లబడింది. డెల్బర్ట్ వంగి పుల్ల పెట్టాడు.

"రెండు గీతలు. కాస్తయినా తేడా లేదు."

బోర్గిల్డ్ కూడా వంగి చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపింది.

"క్నూట్‌గారూ, మీరూ ఒకసారి" అన్నాడు డెల్బర్ట్.

క్నూట్ కంకర రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. తన భాగం అమ్ముకున్నాక ఈ తొమ్మిదేళ్లలో అతను ఏ చేలోనూ దిగింది లేదు.

"దిగండి బావగారూ. సగం మీదైతే ఒక గీతైనా రాకుండా ఉంటుందా?"

అతను తన బూట్ల వంక చూసుకున్నాడు. ట్రక్కు ఎక్కాడు.

డెల్బర్ట్ ప్రమాణపత్రం తీసి నిలువునా చింపాడు. సిగ్నె కాగితం మీద ఒకటి కొట్టేసి రెండు వేసి, తన పేరు పూర్తిగా రాసింది. తర్వాత రోడ్డు వైపు పోకుండా, అడుగడుగునా నల్లటి గుంటలు వదులుతూ చేను నడిమధ్య నుంచి ఇంటికి నడిచింది.