ఒక్క ఈలకే వచ్చే కుక్క

మా తమ్ముడు లైల్‌కి ఓపిక పుట్టుకతోనే లేదు. నాన్న ఏళ్ల తరబడి తాడు కట్టి, ఈల వేసి, బుజ్జగించి కుక్కలకి నేర్పే పని వాడికి నెల తిరక్కుండా అయిపోవాలి. అందుకే నాన్న వేటకుక్క టిల్లీ మెడకి, చేతిలో మీట నొక్కితే షాక్ కొట్టే పట్టీ కొనుక్కొచ్చాడు.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు నీ చేతికి కట్టుకుని నొక్కుకో అన్నాడు. మా డకోటాలో వేటకుక్కల్ని పెంచేవాళ్లందరిదీ అదే పద్ధతి. తన ఒంటి మీద చూసుకోకుండా ఎవరూ కుక్కకి వాడరు. లైల్ పళ్లికిలిస్తూ అన్నిటికన్నా తక్కువ అంకె మీద పెట్టుకుని నొక్కుకున్నాడు. టిల్లీకి మాత్రం చాలా పైన పెట్టేవాడు, దొంగవెధవ.

పొదల్లో దాక్కున్న గడ్డికోడి వాసన తగిలిందంటే, అదెక్కడుందో చూపిస్తూ టిల్లీ ఉన్నచోటే బిగుసుకుపోయేది. నాన్న వచ్చి పక్కన నిలబడేదాకా ఎవరు పిలిచినా కదిలేది కాదు. ఆ మొండితనమంటేనే ఆయనకి గర్వం. ఒకరోజు ఎత్తు గడ్డిలో అలాగే నిలబడి ఉంటే లైల్‌కి కనపడలేదు. ఈలకి రాలేదని మీట నొక్కాడు. అది కెవ్వుమంది. మళ్లీ నొక్కాడు. ఆ తర్వాత ఎక్కడున్నా ఒక్క ఈలకే పరిగెత్తుకొచ్చి వాడి కాళ్ల దగ్గర కూర్చునేది. ఎలా దారికొచ్చిందో చూడమని నాకు గొప్పలు చెప్పాడు. నాన్న చాలా రోజులు వాడితో మాట్లాడలేదు.

అయినా పట్టీని ఆయన పారేయలేదు. కుక్క పరిగెడుతున్నంతసేపు అది చప్పుడు చెయ్యదు. కుక్క ఆగితే చాలు, బీప్ బీప్‌మని కూస్తూనే ఉంటుంది. నాన్నకి చెవులు మందగించి కుక్క మెడలో గంట వినపడ్డం మానేసింది. ఈ కూత మాత్రం వినపడేది.

నవంబరులో ఒక పొద్దున ఆయన టిల్లీని తీసుకుని ఒక్కడే ఉత్తరపు లోయలవైపు వెళ్లాడు. మధ్యాహ్నానికి మంచుగాలి లేచింది. ఆయన ట్రక్కు గేటు దగ్గరే ఉంది, మనిషి జాడ లేదు. నేనూ లైలూ వెతకడానికి బయల్దేరాం. చెయ్యి చాపితే వేళ్లు కనపడని మంచు. గాలి కాస్త తగ్గినప్పుడు కూత వినపడింది, ఆగకుండా. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంత మంచులో టిల్లీ కోళ్ల కోసం ఆగదు. నాన్న దగ్గరే ఉండుంటుంది. ఆ కూత పట్టుకుని నడిస్తే చాలు.

"ఎటునుంచి అక్కా?" అన్నాడు లైల్.

"నోరు మూసుకుని విను. నడు."

నాలుగడుగులు వేశామో లేదో గాలి మళ్లీ కమ్మేసింది. కూత ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. కంగారులో వాడి చెయ్యి మెడలో ఈల మీదకి పోయింది. "ఊదకురా" అనేలోపే ఊదేశాడు. కూత ఆగిపోయింది.

కాసేపటికి టిల్లీ మంచులోంచి పరిగెత్తుకొచ్చి వాడి కాళ్ల దగ్గర కూర్చుంది. పట్టీ అక్కడ మళ్లీ కూత అందుకుంది.

నాన్నని చూపించు తల్లీ అని బతిమాలాను. వాడు మోకాళ్ల మీద పడి పట్టీ విప్పేశాడు, టిల్లీని వచ్చిన వైపుకి నెట్టాడు, ఏడ్చాడు. ఎంత నెట్టినా మళ్లీ వచ్చి వాడి చేతివంకే చూస్తూ కూర్చుంది. నేర్పింది నేర్పినట్టు చేసిన కుక్కని ఏమని తిట్టను? దాని అడుగుల్ని మా కళ్లముందే మంచు పూడ్చేసింది. చీకటి పడేదాకా అరుస్తూ తిరిగాం.

మర్నాడు చుట్టుపక్కలవాళ్లంతా వరసకట్టి నడిస్తే నాన్న దొరికాడు. మేం ఆగిన చోటికి ఎంతో దూరం కూడా లేదు. కాలు విరిగి, చలికి ప్రాణం పోయి, ముళ్లపొద కింద పడి ఉన్నాడు. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. లోపల చొక్కా నిండా టిల్లీ తెల్ల వెంట్రుకలు. కుక్కని కోటులోకి లాక్కుని గుండెకి హత్తుకుని పడుకున్నాడన్నమాట. ఆ కాస్త వెచ్చదనాన్ని కూడా నా తమ్ముడు ఈల వేసి లాగేసుకున్నాడు.

ఖననం అయ్యాక అందరూ మా ఇంట్లో కాఫీకి కూర్చున్నారు. లైల్ లేడు. షెడ్డులోకి వెళ్లి చూస్తే చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింద ఆ పట్టీ కట్టుకుని ఉన్నాడు. టిల్లీకి పెట్టిన అంకె మీదే పెట్టుకున్నాడు. నొక్కినప్పుడల్లా భుజం ఎగిరిపడుతోంది.

"నన్ను ఆపమని చెప్పక్కా," అన్నాడు.

 నిజం చెప్పాలంటే, ఆ మాట అనడానికి నాకు మనసు రాలేదు. వాడి కాళ్ల దగ్గర కూర్చున్న టిల్లీనైనా తీసుకెళదామని రమ్మని పిలిచాను. అది వాడి చేతివంక చూసి, అక్కడే కూర్చుంది.