నలభై రెండు కిలోల మనిషి

“చెప్పులు విప్పి, ఊపిరి తీసుకుని, నిదానంగా ఎక్కండి.”

ఊపిరితిత్తుల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా ఈ మాట అంటున్నాడు తూకం బాబాయి. కాటా దగ్గర కన్నతల్లినైనా నమ్మడని పేరు. కోటు, శాలువా ఏవున్నా విప్పించాల్సిందే. పిండిమర నడిపే పెద్దాయన్ని ఒక్కడినే వదిలేసేవాడు. ఎండలోనూ వణికే మనిషిని కోటు విప్పమనడానికి నోరు రాలేదు.

ఆ ఉదయం డాక్టరమ్మ వచ్చి పెద్దాయన చీటీ చూపించింది. నాలుగు నెలలుగా నలభై రెండు కిలోలే. రక్తపరీక్ష మాత్రం ఒంట్లో కొవ్వు కరిగిపోయిందంటోంది.

“నా కాటా అబద్ధమాడదమ్మా,” అన్నాడు బాబాయి, మనసు చివుక్కుమని.

“కొవ్వు ఊరికే పడుండే సరుకు కాదు బాబాయ్. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆకలికీ, ఊపిరితిత్తులకీ కబురు పంపుతుంది. ఈయనలో ఒక కబురు దాదాపు ఆగిపోయింది.”

బాబాయి నోరు తెరిచాడు. ఇన్నేళ్లూ మూగ బరువనుకుని తూచింది ఒంట్లో ఇంత మాట్లాడుతోందా! ఆ పూట కాటా ఎక్కిన ప్రతి మనిషినీ కొత్తగా చూశాడు. భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

మధ్యాహ్నం మెట్టుమెట్టుకీ ఆగుతూ పెద్దాయన వచ్చాడు. ఈసారి బాబాయి కోటు విప్పమన్నాడు. పెద్దాయన కోటుని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు.

“తగ్గానంటే ఇక్కడే పడుకోబెడతారు తమ్ముడూ. ఇంట్లో ముసలిదానికి చూపులేదు. ముద్ద పెట్టేది నేనే.”

తను వెళ్లి చూసుకుంటానని బాబాయి మాటిచ్చాడు. పెద్దాయన కోటు విప్పి బల్లమీద పెట్టి, కాటా ఎక్కాడు. ముప్పై ఆరు. నిజమే రాశాడు బాబాయి. నాలుగు నెలల కిందట రాయాల్సిన నిజం అది. తన జాలే ఆ మనిషిని ముంచిందనుకున్నాడు.

వెంటనే మంచం ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం టీ వేళకు పెద్దాయన ఊపిరి నెమ్మదిగా ఆగిపోయింది.

ఇంటికి చేర్చాలని బాబాయి కోటు ఎత్తబోతే చెయ్యి కిందికి లాగింది. జేబుల్లో పిండిమర తూనికరాళ్లు మూడు. కాటా మీద పెడితే సరిగ్గా ఆరు కిలోలు. పది అడుగులకు ఆయాసపడే మనిషి వీటిని మోసుకుని మెట్లెక్కాడు! బాబాయి అక్కడే కూలబడి ఏడ్చాడు.

చీకటి పడకముందే ఆ ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పి, కోటు ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుని, ఎత్తి చూసింది.

“ఇది ఆయనది కాదు బాబూ. ఆయన కోటు బరువుగా ఉంటుంది,” అంది, ఆశగా.

అక్కడ ఆసుపత్రిలో, మూడు రాళ్ల కింద కాటా ముల్లు ఆరు దగ్గరే నిలబడి ఉంది.