దూది కింద దాగిన కొలతలు

“అంతా నీ భ్రమ,” అన్నాడు డాన్సు థియేటరు వాళ్ల డాక్టరు. పెద్దాసుపత్రి స్కాన్ రిపోర్టు చూడకుండానే పక్కకు నెట్టాడు. రొమ్ములో పెట్టిన సిలికాన్ ఇంప్లాంటు పగిలిందని అందులో ఉంది. డాన్సర్లలో పెద్దదైన పెద్దక్క కుడి రొమ్ము రాయిలా గట్టిపడి పైకి ఎగదన్నింది. చంకలో నిమ్మకాయంత గడ్డ. తోడు వచ్చిన, వాళ్ల దుస్తులు కుట్టే టైలరమ్మ పళ్లు కొరికింది.

తొమ్మిదేళ్ల కిందట, స్టేజీ మీద నిండుగా కనబడాలని ఏడుగురు డాన్సర్లకూ ఈ డాక్టరు చేతే రొమ్ములు పెంచే ఆపరేషన్ చేయించాడు థియేటరు ఓనరు. వద్దంటే పని లేదన్నాడు. ఇప్పుడు నొప్పి అన్నందుకు పెద్దక్కను ఇంటికి పొమ్మంటున్నాడు.

టైలరమ్మకు పెళ్లయి నెల. మొగుడు కొనిచ్చిన కొత్త కత్తెర చప్పుడుకే ముచ్చటపడి నవ్వుకునే మనిషి. ఆ సాయంత్రం నవ్వలేదు. కొలతల పుస్తకం తెరిచింది. కొత్త షో వచ్చినప్పుడల్లా అందరికీ కుడి, ఎడమ విడివిడిగా కొలవడం ఆమె అలవాటు. ఆపరేషనైన అయిదో ఏటి నుంచీ ఏడుగురికీ ఒక పక్క కొలత మారుతూనే ఉంది.

“దూది పెట్టి సరిచేశానక్కా! వాడి పాపం నా చేత్తోనే కప్పాను!”

“ఏడవకే. కప్పిన చేత్తోనే విప్పు,” అంది పెద్దక్క.

“పనిపోతే పిల్లల్నేం చేసుకోను?” అంది డాన్సర్లలో ఒకామె.

“లోపల ఇది పగిలితే నువ్వే ఉండవు, ఇక పనెక్కడ?” అంది పెద్దక్క.

“ఏమే కొత్తపెళ్లికూతురా, స్టేజీ మీద పుస్తకం విప్పావని జైల్లో వేస్తే మీ ఆయనేమంటాడు?” అంది ఇంకొకామె.

“క్యారేజీ తెస్తాడు!”

ఏడుస్తూనే అందరూ నవ్వారు. తెల్లారి దుస్తుల్లోంచి దూది పీకేశారు.

కొత్త షో మొదటి ఆట. హాలు నిండింది. తెర లేచింది, పాట మొదలైంది, ఎవరూ ఆడలేదు. ఏడుగురూ వంకరగా వేలాడే దుస్తుల్లో నిలబడ్డారు. మధ్యలో మెడలో టేపు, చేతిలో కొలతల పుస్తకంతో టైలరమ్మ.

“పెద్దక్క. ఆపరేషనైన ఏడు రెండు పక్కలూ సమానం. ఈ ఏడు కుడిపక్క రెండంగుళాలు పైకి.”

“లైట్లు ఆర్పరా!” ఓనరు అరిచాడు.

“ఆర్పను!” పైనుంచి లైట్లవాడి కేక.

ఓనరు పిలిస్తే పోలీసులొచ్చారు. పుస్తకాన్నీ టైలరమ్మనూ పట్టుకుపోయారు. ముందు వరుసలో డాక్టరు హమ్మయ్య అనుకుని లేచాడు. తలుపుల దగ్గర టికెట్లు చింపేవాళ్లు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డారు.

పెద్దక్క తన దుస్తుల అస్తరు పర్రున చింపింది. లోపల కుట్టిన కొలతల నకలు కాగితం బయటికొచ్చింది. ఆమె వెనక ఆరు అస్తర్లు చిరిగాయి. ఎవరి పేజీ వాళ్ల చేతిలో ఉంది.

“కూర్చో డాక్టరూ,” అంది పెద్దక్క. “ఇంకా ఆరుగురి భ్రమలున్నాయి, విని పో.”