ఎవరి డబ్బులో వాళ్లకి

చేతికర్రలు చేసే పెద్దాయనకి ఒక పట్టుదల ఉంది. కర్ర చెక్కి, నునుపు పట్టి, నూనె రాశాక, కింద రబ్బరు తొడుగు వేసేముందు, ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో అడుగున ధర అంకె వేస్తాడు. వెనకటికి ఒక దుకాణంవాడు ఈయన కర్రల్ని రెండింతలకి అమ్ముకున్నాడు. అలా కొన్న ముసలాయన ఒకడు కుంటుకుంటూ వచ్చి, "నువ్వూ ఒక మనిషివేనా?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ మాట ఈయన లోపల ముల్లులా దిగింది. ఆనాటి నుంచీ ఈ అంకె. ఏ ఆరునెలలకో రబ్బరు అరుగుతుంది, కొత్తది వేసుకునేటప్పుడు అసలు ధర కనబడుతుంది. ఆరువందలంటే అందరికీ ఆరువందలే.

మూడేళ్ల కిందట అల్లుడు ఆ కర్రల్ని ఇంటర్నెట్ దుకాణంలో పెట్టాడు. "చూసేవాళ్లు ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బులో ధర కనిపిస్తుంది మామయ్యగారూ. లెక్కలు కట్టుకునే బాధ ఉండదు" అన్నాడు. పెద్దాయనకి అది బాగా నచ్చింది. ఇంటికొచ్చిన మనిషితో వాళ్ల భాషలో మాట్లాడినంత మర్యాదగా ఉందనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కూతురు ఫోను పట్టుకుని కొట్టులోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్నా, కాస్త ఆ ఉలి కింద పెట్టు."

"ఏమిటే తల్లీ, ఎవరికైనా కర్ర విరిగిందా?"

"విరిగినా బాగుండేది. విను."

ఎక్కడో దూరదేశపు పెద్దావిడ రాసిన ఉత్తరం అది. కూతురు తన మాటల్లోకి మార్చి చదివింది. 'అయ్యా, కర్ర చాలా బాగుంది. మొన్న రబ్బరు మార్చబోతే అడుగున ఆరువందలని కనిపించింది. మీ దగ్గర అమ్మే ధర అదేనని కనుక్కున్నాను. మా డబ్బులో అది పన్నెండు. మీ దుకాణం నాకు ఇరవైరెండు చూపించింది. పంపిన ఖర్చు వేరే కట్టాను. నాది పోతే పోయింది. నా మాట నమ్మి మా వీధిలో నలుగురు కొన్నారు. రోజూ ఎదురుపడతారు. వాళ్లకి నేనేం చెప్పను?'

పెద్దాయన రెండుసార్లు చదివించుకున్నాడు. నోరంతా చేదైపోయింది. పొట్టు దులుపుకోకుండానే లేచి, అల్లుడు కూర్చునే ముందుగదిలోకి నడిచాడు. అల్లుడు అట్టపెట్టెకి టేపు వేస్తున్నాడు.

"బాబూ, పన్నెండు ఇరవైరెండు ఎలా అయింది?"

అల్లుడికి వెంటనే అర్థమైంది. అదే ముందు కంపరం పుట్టించింది పెద్దాయనకి.

"అదా? రేటు రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కదండీ. నష్టం రాకుండా కాస్త ఎడం పెట్టాలి."

"ఎడమా? పక్కన ఇంకో కర్ర పడుకునేంత ఎడం పెట్టారు!"

కూతురు కంప్యూటరు తనవైపు తిప్పుకుంది. తెర మీద దేశాల వరస, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అంకె. ఒకచోట నూటికి ఇరవై, ఒకచోట అరవై, ఆ పెద్దావిడ దేశానికి ఎనభై. ఆపైన చిల్లర కనబడకుండా ఇంకాస్త పైకి లాగడం.

"ఇదేమిటండీ, మనిషిని చూసి కోత పెట్టారా?" అంది మొగుడితో.

"నీకు తెలీదు, ఊరుకో. వాళ్లకది టీ ఖర్చు. చవగ్గా పెడితే నాసిరకం అనుకుంటారు. ఒక్కరైనా ఇన్నాళ్లూ అడిగారా?"

పుచ్చిన కర్రలో ఉలి దిగితే ఒక వాసన వస్తుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల తడిసిన పిండిలా కుళ్లు. ఆ వాసనే ఇప్పుడు పెద్దాయన ముక్కు పుటాలకి తగిలినట్టయింది.

"ఛీ! ఆ దుకాణంవాడే నయం, ఎదురుగా నిలబడి మోసం చేశాడు. నువ్వు వాళ్ల డబ్బు పేరు చెప్పి వాళ్లనే ముంచావు. అదీ కాళ్లు రానివాళ్లని!"

పెళ్లినాటి నుంచీ అల్లుణ్ణి 'మీరు' అన్న నోరు అది. గదిలో ముగ్గురూ ఆ 'నువ్వు' విన్నారు. అల్లుడి మొహం కందగడ్డయింది.

"అంతా నేనే మింగానా మామయ్యగారూ? మీకు భుజం లాగుతోందని నునుపు పట్టే మిషను కొన్నాను కదా, అది ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నారు?"

పెద్దాయన కొట్టువైపు తల తిప్పాడు. రెండు నెలల కిందట ఆ మిషను వచ్చిన రోజు వీధిలో వాళ్లందర్నీ పిలిచి చూపించాడు. "మా అల్లుడు, కొడుకు లేని లోటు తీర్చాడు" అని చెప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచిన చేతులు ఇవి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచెకి రాసుకున్నాడు.

"ఎంతమంది?" అన్నాడు చివరికి.

కూతురు లెక్కపెట్టింది. "నలభైముగ్గురు నాన్నా."

"ఆ మిషను ఫోటో తీసి అమ్మకానికి పెట్టు. ఎవరి దగ్గర ఎంత ఎక్కువ లాగామో అంత వాళ్లకి పంపు. ముందు ఆవిడకీ, ఆ నలుగురికీ."

"చాలకపోతేనో?" అన్నాడు అల్లుడు వెటకారంగా.

"చాలేదాకా కర్రలు చేస్తాను."

"చేత్తో పడితే రోజుకి ఒక్కటి కూడా తెమలదు!"

"తెమలకపోనీ. ఆ అంకెలు తీసెయ్యి. ఉంచావా, ఇంక నా కర్ర నీ దుకాణం గుమ్మం తొక్కదు."

అల్లుడు కదల్లేదు. కూతురే ఒక్కొక్క దేశం ఎదుటా సున్నా పెట్టుకుంటూ పోయింది. పెద్దాయన ఆఖరిదాకా నిలబడి చూశాడు. తరవాత ఆమె ఉత్తరం తెరిచి, "ఏం రాయను నాన్నా? సైటులో పొరపాటు జరిగిందని రాయనా?" అంది.

"పొరపాటేమిటే? చేసిందే రాయి. మా ఇంట్లో చేశామని రాయి."

"నువ్వు చెయ్యలేదుగా!"

"రెండు నెలలు ఆ మిషను మీద పనిచేశాను. 'మేము' అనే రాయి. ఆ నలుగురికీ చదివి వినిపించమని కూడా రాయి, ఆవిడ మాట పోకూడదు."